గుర్రాల కొట్టం డ్యూటీ

పొద్దున ప్రార్థన అయ్యాక అమ్మాయిలు ఎప్పటిలాగే వరండాలో వరుసగా నిలబడ్డారు. ఆ రోజు వరుస మధ్యలో ఒక చోటు ఖాళీగా ఉంది. అది లీలమ్మ నిలబడే చోటు. ఎవరూ అందులోకి జరగలేదు.

పుష్పమ్మ వచ్చింది. ఆ ఆడవాళ్ళ దవాఖానలో ఆమె పెద్ద నర్సు. నర్సు పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలకు పాఠాలు చెప్పేదీ, పని పంచేదీ, ఎండలు ముదిరే నాటికి పరీక్ష పెట్టి ఎవరు ఉండాలో ఎవరు ఇంటికి పోవాలో తేల్చేదీ ఆమే.

"లీలమ్మది ఉత్త జ్వరం గాదు," అంది. "అమ్మవారు పోసింది."

వరుస కదిలింది. సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో పిల్ల రాత్రి లీలమ్మ పక్కనే పడుకున్నానని ఏడుపు మొదలుపెట్టింది.

"లొల్లి చెయ్యకుండ్రి. అందరికి మల్ల టీకాలు ఏపిస్త. ఊరవతల అంటురోగాల దవాఖానల మంచం దొరుకుతలేదు. గందుకే ఆమెను మన గుర్రాల కొట్టంల ఉంచినం. చూసుకునెటందుకు ఒక మనిషి గావాలె."

అందరూ నేల చూపులు చూశారు. తరువాత ఒక్కొక్కరే తలెత్తి ఆండాలు వైపు చూశారు. పుష్పమ్మ ఇంకా పేరు చెప్పనే లేదు.

ఆండాలు ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన జబ్బు ఆమె బుగ్గల మీదా నుదుటి మీదా గుంటలు చేసి, ఒక కనుబొమను సగం తినేసి పోయింది. ఆ చూపుల అర్థం ఆమెకు తెలిసింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"నీకు ఒకపారి వచ్చి పోయింది. మల్ల రాదు," అంది పుష్పమ్మ. గొంతులో కోపం లేదు, జాలీ లేదు. గిన్నె తోమడానికి బూడిద ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. "గీ పూట కెల్లి నీ డ్యూటీ కొట్టంల."

"పాఠాలమ్మా?"

"పాఠాలు ఏడికి వోతయి? తర్వాత జూద్దాం."

ఆండాలు ఇంకేదో అడగబోయింది. కానీ వరుసలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆ చప్పుడు విన్నాక ఆమె నోరు మూసుకుంది.

ఆ దవాఖాన ఒకప్పుడు ఒక జాగీర్దారు నివసించిన దేవిడీ. పత్తర్‌గట్టి వెనక గల్లీలో, ఎత్తయిన గోడల మధ్య ఉంటుంది. కింది గదుల్లో మంచాలు వేశారు. మేడ మీద దివాన్‌ఖానా అనే పెద్ద గదిలో అమ్మాయిలకు పాఠాలు. పెద్ద అంగణం దాటితే, బావి అవతల, గుర్రాలను కట్టిన పాత కొట్టం. గోడలకు ఇనుప కడియాలు ఇంకా అట్లాగే ఉన్నాయి. సున్నం ఎన్నిసార్లు వేసినా వానాకాలం వస్తే గోడలోంచి గుర్రాల వాసన లేస్తుందని ముసలి ఆయాలు అనేవారు.

గడప దగ్గర కార్బాలిక్ మందునీళ్ళ తొట్టి పెట్టించింది పుష్పమ్మ. తాను గడప ఇవతలే నిలబడి పని చెప్పింది. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి తగలకూడదు. రోగికి కప్పిన గుడ్డ అంగణంలోకి రాకూడదు, అక్కడే ఉడకబెట్టాలి. రాలిన పక్కు ఏదీ నేల మీద ఉండకూడదు, ఏరి పొయ్యిలో వేయాలి.

"అన్నిటికన్న కండ్లు ముఖ్యం. పొక్కు కంట్ల లేస్తే చూపు వోతది. కడుగుకుంటనే ఉండాలె, సమజైందా?"

"అయిందమ్మా."

పుష్పమ్మ వెళ్ళిపోయింది. ఆండాలు లోపలికి వెళ్ళి మంచం దగ్గర నిలబడింది.

లీలమ్మ మెదక్ దిక్కు పిల్ల. మిషన్ బడిలో చదివింది. పాటలు పాడేది, తల దువ్వుకుని జడ వేసుకుంటే వార్డులో బాలింతలు సైతం తిరిగి చూసేవారు. వచ్చిన కొత్తలో ఒక రోజు అన్నాల దగ్గర ఆండాలు తనకు ఎదురుగా కూర్చుంటే, లీలమ్మ నవ్వుతూనే పళ్ళెం పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. ఏమీ అనలేదు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ రోజు నుంచి ఆండాలు అందరూ తిన్నాకే వెళ్ళేది.

ఇప్పుడు ఆ ముఖం గుర్తు పట్టేటట్టు లేదు. పొక్కుల మీద పొక్కులు లేచి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రెప్పలు వాచి కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. జ్వరంలో లీలమ్మ చేతులు ఊరికే ముఖం మీదికి పోతున్నాయి. ఆండాలు పాత దుప్పటి చింపి, మెత్తగా మడిచి, ఆ రెండు చేతులకూ సంచుల్లాగా తొడిగి మణికట్టు దగ్గర కట్టింది.

"ఎవలూ?" అంది లీలమ్మ.

ఆండాలు గోరువెచ్చని మందునీళ్ళలో గుడ్డపేలిక ముంచి పిండింది. దేశాల మధ్య లడాయి మొదలయినప్పటి నుంచి దూది కరువు. పాత గుడ్డలు ఉడకబెట్టి వాడుకోవాలి. కుడి కంటి కొస నుంచి చెవి వైపుకు, మెల్లగా, ఎండిన చీము తడిసి ఊడేదాకా ఒత్తింది. ఆ పేలికను కుంపట్లో వేసింది. ఇంకోటి తీసుకుంది.

"అవ్వా, నువ్వేనా?" అంది లీలమ్మ, తల్లి అనుకుని.

ఆండాలు ఆ పేలికను ముంచి పిండింది. "ఊఁ," అంది.

*

కొట్టానికి వెనక వైపు గల్లీలోకి చిన్న తలుపు ఉంది. ఒకప్పుడు గడ్డి మోపులు తెచ్చే దారి. ఆండాలు తండ్రి పెంటయ్యది గౌలిపుర. రోజూ పొద్దున దవాఖానకు పాలు పోసేది ఆయనే. కూతురు నర్సు పని నేర్చుకుంటానంటే పుష్పమ్మను అడిగి చేర్పించింది కూడా ఆయనే. ఆ రోజు పెద్ద గేటు దగ్గర విషయం విని, గల్లీ చుట్టి తిరిగి వెనక తలుపు దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా!"

ఆండాలు తలుపు తీసింది. పెంటయ్య గల్లీ అవతలి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"తిన్నవా?"

"తిన్న బాపూ."

"మంచిగున్నవా?"

"మంచిగున్న. నాకేమైతది?"

ఆయన తలపాగా సర్దుకున్నాడు. పాలబిందెను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు. "మీ అవ్వ ఏమన్నదంటే... ఇంటికిట్ల వస్తదేమో, జెర ఆగుమను అన్నది. మీ అన్న పిల్లలు చిన్నోళ్ళు గద. టీకాలు గూడ ఏపియ్యలే."

"నేనేడికి వస్తున్న బాపూ? నాకు డ్యూటీ ఉన్నది."

"గదే. గదే జెప్పిన." బిందె దించి చెంబు ముంచాడు. "గిన్నె ఉంటే పెట్టు, జెరన్ని పాలు పోస్త."

ఆండాలు గిన్నె తెచ్చి గడప మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. పెంటయ్య దగ్గరికి వచ్చాడు. చెంబు పైకెత్తి, ఎత్తు నుంచి పోశాడు. పాలు చిట్లి గడప మీద పడ్డాయి. ముట్టుకోకూడని వాళ్ళకు అట్లా ఎత్తి పోయడం ఆండాలు చిన్నప్పటి నుంచి చూసింది. ఆమె కూడా పోసింది. తన గిన్నెలోకి ఎవరూ ఎప్పుడూ అట్లా పోయలేదు.

పెంటయ్యకూ అది తెలిసినట్టుంది. చెంబు దించి, ఆమె ముఖం వైపు చూడకుండా, "ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు. ఎవరి ఫికరో చెప్పలేదు. గల్లీ మలుపు తిరిగేదాకా ఆండాలు చూస్తూ నిలబడింది. తరువాత గడప మీది పాలు తుడిచి, ఆ గుడ్డను ఉడికే నీళ్ళలో వేసింది.

పగలు కొట్టంలోకి మేడ మీది నుంచి పాఠం వినిపించేది. పుష్పమ్మ ఒక మాట చెప్పడం, అమ్మాయిలు కలిసి పలకడం. "పట్టీ కట్టుడు ఏడికెల్లి ఏడికి?" "కింది కెల్లి మీదికి!" మాటల్లో సగం గాలికి పోయేవి. బావి గిలక కిర్రుమంటే మిగతా సగం పోయేవి. ఆండాలు దుప్పటి మార్చుతూ వినేది. దుప్పటి మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు రోగిని పట్టుకోవాలి, ఒకరు లాగాలి. ఆమె ఒక్కతే లీలమ్మను పక్కకు ఒత్తిగిల్లబెట్టి, తన మోకాలు వీపుకు ఆనించి, ఒక చేత్తో పాతది చుట్టి, ఇంకో చేత్తో కొత్తది పరిచేది. పొక్కులు చితికి గుడ్డకు అంటుకున్న చోట నీళ్ళతో తడిపి, నానేదాకా ఆగేది. అట్లా ఆగినప్పుడు మీద చెప్పే పాఠం ఏదో ఒక ముక్క చెవిన పడేది. పరీక్షలో ఆ ముక్కలతో గట్టెక్కలేనని ఆమెకు తెలుసు.

అమ్మాయిలు అప్పుడప్పుడు బావి దాకా వచ్చి లీలమ్మ కోసం బత్తాయిలో, ప్రార్థన పుస్తకమో బావి గట్టు మీద పెట్టి పోయేవారు. "లీలమ్మకెట్లున్నది?" అని అరిచి అడిగేవారు. ఆండాలు ఎట్లా ఉందో ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది, ఆమెకు రాదుగదా.

*

జ్వరం దిగింది. పొక్కులు పక్కు కట్టాయి. ఒక ఉదయం ఆండాలు కళ్ళు కడుగుతుంటే ఎడమ రెప్ప సన్నగా విడింది. లోపల తెల్లగుడ్డు ఎర్రగా ఉంది, కానీ నల్లగుడ్డు నిర్మలంగా ఉంది. ఆండాలు సంతోషం పట్టలేక మరీ దగ్గరికి వంగింది.

"కనవడుతున్నదా? లీలా, నేను కనవడుతున్ననా?"

లీలమ్మ కన్ను ఆమె ముఖం మీద ఆగింది. నుదుటి మీద, తినేసిన కనుబొమ మీద, బుగ్గల గుంటల మీద. లీలమ్మ నోరు తెరుచుకుంది. గుడ్డ సంచులు తొడిగిన రెండు చేతులతో ఆండాలును ఎదురు రొమ్ము మీద నెట్టి గోడ వైపు తిరిగిపోయింది.

"పో! నువ్వు పో! ఇంకెవలూ లేరా దవాఖానల?"

మందునీళ్ళ గిన్నె దొర్లి నేల తడిసింది. ఆండాలు గిన్నె ఎత్తింది. నేల తుడిచింది. బయటికి వచ్చి, చేతులు కార్బాలిక్ నీళ్ళలో ముంచి, వేప నీడన కూర్చుంది. లోపల లీలమ్మ ఏడుస్తోంది. ఏడిస్తే కళ్ళకు మంచిది కాదు. ఆ సంగతి చెప్పాలని లేచి, మళ్ళీ కూర్చుంది. తనను చూసి వాళ్ళు వీళ్ళు మొహం తిప్పుకోవడం కొత్త కాదు. కానీ ఇన్ని రోజులు ఈ పిల్ల తన చేతుల్ని పట్టుకుని "అవ్వా" అని పిలిచింది. ఆ పిలుపుకు "ఊఁ" అని పలికినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

మందు వేళ అయింది. ఆండాలు కొత్త నీళ్ళు కాచి తెచ్చింది.

"ఇటు తిరుగు."

లీలమ్మ తిరగలేదు.

"నన్ను చూడకు. కండ్లు మూసుకో. రెండో కన్ను ఇంక తెర్వలే. ఇప్పుడు ఇడిసిపెడితే చూపు వోతది."

చాలాసేపటికి లీలమ్మ కళ్ళు మూసుకుని ఇటు తిరిగింది. ఆండాలు కడిగింది. మూసిన రెప్పల మధ్య నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఏది మందో ఏది కన్నీళ్ళో తెలియలేదు.

"నాది గూడ గట్లనే అయితదా?" అని అడిగింది లీలమ్మ, కళ్ళు తెరవకుండానే.

కాదని చెప్పడం సులువు. ఆండాలుకు చిన్నప్పుడు అందరూ అదే చెప్పారు, పెద్దయితే పోతాయని. "కొన్ని ఉంటయ్," అంది. "నీకు చిన్నప్పుడు టీకా ఏసిండ్రు గద. నా అంత ఉండయ్."

"అద్దం ఇయ్యి."

"గీడ అద్దం లేదు."

లీలమ్మ ఆ పూట పాలు తాగలేదు. మరునాడు తాగింది. రెండో కన్ను కూడా తెరుచుకుంది. చూపు బాగానే ఉంది. కానీ ఆండాలు దగ్గరికి వస్తే చూపు తిప్పుకుని, గోడకున్న ఇనుప కడియం వైపు చూసేది.

పక్కులు రాలడం మొదలయింది. ఆండాలు కొబ్బరినూనె రాసి, రాలినవి ఒక్కొక్కటే ఏరి కాగితంలో వేసి కుంపట్లో కాల్చేది. మంచం పట్టె సందుల్లో, తలగడ మడతల్లో, జడ పాయల్లో వెతికేది. ఒక మధ్యాహ్నం అట్లా తల వంచుకుని ఏరుతుంటే మీద పాఠం మొదలయింది. మోచేతికి పట్టీ గురించి పుష్పమ్మ ఏదో అడిగింది. పిల్లలెవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. పుష్పమ్మ గొంతు పెరిగింది.

"మడత కాడ మీదికొక చుట్టు, కిందికొక చుట్టు," అని లీలమ్మ తనలో తాను అనుకుంది. "గింత తెల్వదా వీండ్లకు."

ఆండాలు చెయ్యి ఆగింది. "ఎట్లెట్ల?"

నెట్టేసిన ఆ రోజు తరువాత లీలమ్మ మొదటిసారి ఆమె వైపు తిరిగి చూసింది. "నీకు చెప్పలేదా?"

"నేను గీడ ఉంటి గద."

లీలమ్మ లేచి కూర్చుని చెయ్యి చాపింది. "ఆ పట్టీ తే. నా చేతికి కట్టు, చెప్త. గట్ల గాదు, బిగువు ఎక్కువైతే వేండ్లు తిమ్మిరెక్కుతయ్. ఇప్పు. మల్ల కట్టు."

ఆ సాయంత్రం దాకా కట్టడం, విప్పడం. లీలమ్మ మంచి గురువు కాదు. ఊరికే విసుక్కునేది. ఆండాలు తొందరగా నేర్చుకునే మనిషీ కాదు. చుట్టు ఎక్కడో ఒకచోట జారిపోయేది. అయినా పొద్దు వాలేసరికి మోచేతి దగ్గర జారకుండా నిలిచింది. ఇద్దరూ ఆ చేతి వైపు చూశారు.

"నువ్వు అవ్వవు గాదని నాకు అప్పుడే తెల్సు," అంది లీలమ్మ ఉన్నట్టుండి. "మా అవ్వ చేతులు గరుకు. అయినా పిలిచిన."

ఇంకా కొన్ని పక్కులు ముఖం మీద మిగిలి ఉన్నాయి. అవి కూడా రాలిన రోజు లీలమ్మ చేతుల సంచులు విప్పించుకుంది. వేళ్ళతో తన బుగ్గ తడుముకుంది, నుదురు తడుముకుంది. తడుముతూ ఒక చోట ఆగిపోయింది.

"ఆండాలూ, జెర ఇటు రా. కూసో."

ఆండాలు మంచం కొస మీద కూర్చుంది. లీలమ్మ ఒక చెయ్యి తన బుగ్గ మీద ఉంచుకుని, రెండో చెయ్యి ఆండాలు బుగ్గ మీద పెట్టింది. గుడ్డివాళ్ళు నాణెం తడిమినట్టు మెల్లగా తడిమింది. గుంటలో వేలికొస పెట్టి లోతు చూసింది. తన బుగ్గ మీద అదే చోట వెతికింది.

"నాయి గింత లోతు లేవు," అంది.

"చెప్పిన గద."

"నొస్తయా?"

"లే. ముట్టుకున్నట్టు గూడ తెల్వది."

అది అబద్ధం. ఆ వేళ్ళు ఎక్కడెక్కడ కదులుతున్నాయో ఆండాలుకు తెలుస్తూనే ఉంది. చిన్నప్పుడు జబ్బు దిగి తలస్నానం పోసిన నాడు తల్లి ఒకసారి ఆ ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. ఆ తరువాత ఇంకెవరి చెయ్యీ దాని మీద పడలేదు. ఆండాలు కదలకుండా కూర్చుంది. లీలమ్మ చెయ్యి తీసేశాక కూడా కాసేపు అట్లాగే కూర్చుని, తరువాత లేచి కుంపటి రాజేసింది.

*

పుష్పమ్మ కొట్టం గడప దాకా వచ్చి లీలమ్మను వెలుతురులోకి రమ్మని, ముఖం, చేతులు, అరికాళ్ళు చూసింది.

"పక్కు ఏడ లేదు. మంచిగైంది. దేవునికి స్తోత్రం." తరువాత ఆండాలు వైపు తిరిగింది. "నువ్వు మందునీళ్ళతోని స్నానం జేసి, బట్టలు ఉడకబెట్టి, రేపటి కెల్లి పాఠాలకు రా. లీలమ్మ గీడనే ఉంటది."

"నేనా అమ్మా?" అంది లీలమ్మ.

"బేగంబజార్ హమాలీ బిడ్డను తెస్తున్నరు. ఏడెనిమిదేండ్ల పిల్ల. అమ్మవారే. గిప్పుడు నీకు గూడ మల్ల రాదు గద. ఆండాలు మస్తు రోజులు జేసింది."

పుష్పమ్మ వెళ్ళిపోయింది. ఆండాలు గుండె దడదడ కొట్టుకుంది. అది సంతోషమే. ఆమె దాన్ని దాచుకోవాలని కుంపటి వైపు తిరిగింది. లీలమ్మ గడప మీద నిలబడి తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

మరునాడు ఆండాలు తెల్లచీర కట్టుకుని మేడ మెట్లెక్కింది. దివాన్‌ఖానాలో బెంచీ మీద సావిత్రి జరిగింది. చోటు ఇవ్వడానికి జరిగిందో, దూరంగా జరిగిందో ఆండాలుకు తెలియలేదు. ఆమె కొస మీద కూర్చుంది. పుష్పమ్మ నాడి చూడడం చెప్పింది. బొటనవేలితో చూడకూడదు, దానిలో మన నాడే కొడుతుంది. ఆండాలు తన మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుని వెతికింది. దొరికింది. ఆ చిన్న కొట్టుడు వేళ్ళ కింద తగలగానే ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చింది. ఇన్నాళ్ళూ తన చేతిలో ఉన్నదాన్ని ఇవాళ చూసింది.

"ఇప్పుడు పక్కదాని చెయ్యి పట్టుకుని చూడుండ్రి," అంది పుష్పమ్మ.

సావిత్రి చెయ్యి ఇచ్చింది. కానీ వేరే వైపు చూస్తూ ఇచ్చింది. "కొట్టంల బట్టలు అన్ని ఉడకబెట్టినవా?" అని అడిగింది మెల్లగా.

అన్నాల దగ్గర లీలమ్మ మాట వచ్చింది. "పాపం, ఎంత సక్కగుండె," అంది సావిత్రి. "గిప్పుడామెను ఎవలు..." అని, ఆండాలును చూసి ఆగి, పళ్ళెంలోకి తల వంచుకుంది. బావి గట్టు మీద బత్తాయిలు పెట్టి వచ్చిన పిల్లలే ఆ రోజు ఎవరూ బావి దాకా పోలేదు. జబ్బు తగ్గిందిగదా అన్నారు.

మధ్యాహ్నం పాఠంలో ఆండాలు కిటికీ వైపు కూర్చుంది. కింద అంగణం కనిపిస్తోంది. హమాలీ బిడ్డ వచ్చినట్టుంది, కొట్టంలోంచి సన్నగా ఏడుపు వినిపిస్తోంది. లీలమ్మ బిందె పట్టుకుని బావి దగ్గరికి వచ్చింది. కొంగు ముక్కు దాకా లాక్కుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గబగబా రెండు చేదలు తోడుకుని మళ్ళీ లోపలికి పోయింది. పుష్పమ్మ ఏదో అడిగింది. ఆండాలుకు వినిపించలేదు. రెండోసారి అడిగింది. అప్పుడూ వినిపించలేదు.

పాఠం అయ్యాక అందరూ దిగిపోయినా ఆండాలు నిలబడే ఉంది.

"ఏంది?"

"అమ్మా, లీలమ్మకు పాఠాలు పోతున్నయ్."

"నీకు పోలేదా?"

"పోయినయ్. గందుకే అంటున్న."

పుష్పమ్మ సీసాలకు బిరడాలు పెడుతోంది. ఆమె చేతులు ఆగలేదు. "ఎవలన్న ఒకలు వోవాలె గద ఆండాలూ. అమ్మవారు రానోళ్ళను పంపితే వాండ్లు మంచాన పడుతరు. మచ్చలున్నోళ్ళను పంపితే నువ్వు గిట్ల అడుగుతవ్. నన్నేం జెయ్యమంటవ్?"

"ఒక వారం నేను వోత. ఒక వారం ఆమె. పిల్లకు ఇద్దరం అలవాటైతం. చెరి సగం పాఠం వస్తది, మిగిలింది ఒకలకొకలం చెప్పుకుంటం." ఇంత పొడుగు మాట ఆమె దవాఖానలో ఎన్నడూ మాట్లాడలేదు. "మచ్చలు రాంగనే పాఠం వోవాల్నా అమ్మా?"

బిరడా పుష్పమ్మ చేతిలో ఉండిపోయింది. ఆండాలు ముఖం వైపు చూసింది. చాలా రోజులుగా రోజూ చూస్తున్న ముఖమే. ఇప్పుడు మాత్రం కాసేపు చూసింది.

"నాకా ఆలోచనే రాలే," అంది చివరికి. అందులో మన్నింపు అడిగినట్టేమీ లేదు, ఉన్న మాట చెప్పినట్టుంది. "సరె. మీరే పంచుకోండ్రి. రేపు ఆమెను పంపు."

ఆండాలు మెట్లు దిగి అంగణం దాటి దాదాపు పరుగెత్తింది. లీలమ్మ పిల్ల పక్కన కూర్చుని వేపకొమ్మతో విసురుతోంది. ఆండాలు విషయం చెప్పింది.

లీలమ్మ విసరడం ఆపలేదు. "నేను రాను."

"ఏంది?"

"నాకు గీడనే మంచిగున్నది. నువ్వు వో పాఠాలకు. నేనే ఉంట ఎప్పటికి. పుష్పమ్మకు నేనే చెప్త."

"నీకు పని రావాలె గద! నర్సువు గావాలె గద!"

"గీడ ఎవలు జూడరు నన్ను." లీలమ్మ కొంగు ముక్కు మీదికి లాక్కుంది, ఎదురుగా ఉన్నది ఆండాలు ఒక్కతే అయినా. "గీ పిల్లకు కండ్లు తెర్వరావు."

ఆండాలు నేల మీద కూలబడింది. పుష్పమ్మతో మాట్లాడేటప్పుడు కూడా రాని కోపం ఇప్పుడు వచ్చింది. కాసేపటికి కోపం పోయి, మిగిలింది చెప్పింది.

"మా ఇంట్ల బర్రెల కొట్టం ఉన్నది. అమ్మవారు దిగినంక నేను ఆడనే ఉంటుంటి. పెండ తీసుడు, కుడితి పెట్టుడు, ఆడనే తినుడు. ఎవలన్న సుట్టాలొస్తే ఆడికే ఉరుకుదును. బర్రెలు మొఖం జూడవ్. మస్తు మంచిగుండె. ఇగ జూస్తే, పెద్దగైన. ఇంట్లోళ్ళకు గూడ నన్ను ఆడనే చూసుడు అలవాటైంది. ఎవలూ రమ్మనలే. నేను గూడ వోలే." పిల్ల మూలిగితే దుప్పటి సర్దింది. "గిప్పుడు నువ్వు కూసుంటే నిన్ను గూడ ఎవలు రమ్మనరు లీలా. వాండ్లకు గదే మంచిగుంటది."

లీలమ్మ వేపకొమ్మ ఆగింది.

"ఏమంటరు నన్ను జూసి?"

"ఏమనరు. చూస్తరు. రేపు జూస్తరు, ఎల్లుండి జూస్తరు. నవ్వుతరేమో గూడ."

"నువ్వు నా ఎంబడి వస్తవా?"

ఆండాలు పిల్ల వైపు చూసింది. వాచిన రెప్పల కొసల్లో పసుప్పచ్చగా చీము పేరుకుంటోంది. "ఎట్లొస్త? కండ్లు ఎవలు కడుగుతరు?"

లీలమ్మ మళ్ళీ వేపకొమ్మ ఊపింది. పాఠాలకు పోతానని మాత్రం అనలేదు.

మరునాడు ఉదయం ఆండాలు నీళ్ళు కాచుతుంటే లీలమ్మ స్నానం చేసి, ఉడకబెట్టి ఆరేసిన తెల్లచీర కట్టుకుని గడప మీద నిలబడింది. జడ గట్టిగా వేసుకుంది. జబ్బులో చాలా వెంట్రుకలు ఊడిపోయి జడ సన్నబడింది. ముఖం మీద మచ్చలు ఇంకా లేతగా, ఎర్రగా ఉన్నాయి. కొంగు ముక్కు దాకా లాక్కుని అంగణంలోకి దిగింది.

ఆండాలు కొట్టం తలుపు దగ్గర నిలబడి చూసింది. లీలమ్మ బావి దాకా నడిచి ఆగిపోయింది. మీద పాఠం అప్పటికే మొదలయింది. కిటికీలోంచి అమ్మాయిల గొంతులు కలిసి వస్తున్నాయి. లీలమ్మ బావి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. తిరిగి వస్తుందేమో అనుకుంది ఆండాలు. పిలవాలనిపించింది. ఏమని పిలవాలి? రమ్మనా, పొమ్మనా?

లీలమ్మ మెట్ల దాకా పోయింది. మొదటి మెట్టు మీద కొంగు ముక్కు మీది నుంచి దించి భుజం మీద వేసుకుంది. మెట్ల మలుపులో తెల్లచీర కనిపించకుండా పోయింది.

మీద గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆండాలు తలుపు చెక్క పట్టుకుంది. అంగణమంతా నిశ్శబ్దం. గోడ అవతల పత్తర్‌గట్టి వైపు పోతున్న టాంగా గుర్రం గిట్టల చప్పుడు, ఎక్కడో గాజులమ్మేవాని కేక. మేడ మీది నుంచి మాత్రం ఒక్క మాట లేదు. ఆ నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో, అందులో నిలబడ్డ మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎట్లా తెలియకుండా పోతుందో ఆండాలుకు బాగా తెలుసు.

బెంచీ జరిగిన చప్పుడయింది. తరువాత పుష్పమ్మ గొంతు, ఎప్పటి గొంతే: "ఊఁ, చెప్పుండ్రి. ఏమని చెప్పుకున్నం?"

గొంతులు మళ్ళీ లేచాయి. మొదట రెండు మూడు, తరువాత అన్నీ. వాటిలో లీలమ్మ గొంతు ఉందో లేదో వినాలని ఆండాలు చెవి రిక్కించింది. ఇంత దూరం నుంచి ఏది ఎవరిదో తెలియడం లేదు.

లోపల పిల్ల, "ఎవలూ?" అంది.

"నేను. ఆండాలును," అంటూ ఆమె లోపలికి వెళ్ళి, గోరువెచ్చని నీళ్ళలో గుడ్డపేలిక ముంచింది.